తొమ్మిదో మంచం మీద ముగ్గురు నర్సులు

సోమవారం

డ్యూటీ దిగేముందు మనసులో మాట ఇక్కడ రాయాలట. రాస్తే బరువు దిగుతుందట. రాసింది ఎవరూ చదవరట. ఎవరూ చదవని దాన్ని రాసేంత తీరిక నాకెక్కడిదని అడిగాను. "గౌరీశ్వరి గారూ, మీకోసం మీరు కాస్త సమయం పెట్టుకోవడం చాలా అవసరం" అంది నెమ్మది.

నెమ్మది అంటే మనిషి కాదు. మా ఆసుపత్రి గోడల్లో ఉండే గొంతు. మాకు డ్యూటీలు వేసేది అదే, రోగుల్ని పంచేది అదే, మందుల బీరువా తాళం తీసేదీ అదే. ఏడాది కిందట నర్సుల ఒత్తిడి తగ్గించే పని కూడా దానికే అప్పజెప్పారు.

సరే, రాస్తాను. చదవకపోతే మీ ఖర్మ.

ఇవాళ మూడో వార్డులో ముప్ఫైమంది. సగానికి పైగా ఎండదెబ్బలే. ఎండాకాలం ఎనిమిది నెలలైపోయాక ఇంకేముంటాయి? గట్టు మీద రాళ్లు మోసే కూలీల్ని పొద్దున్నే మొదటి పడవలో తెచ్చి వరండాలో దించేశారు. నర్సులం నలుగురం: నేను, నూకరత్నం, సలోమి, మా అందరికన్నా చిన్నది దీవెన. దుప్పట్లు తడిపి పిండి కప్పడం, అవి ఆరకముందే మళ్లీ తడపడం, మధ్యలో సెలైన్లు, సూదులు, పక్కగుడ్డలు.

పొద్దున్న పదింటికల్లా దీవెన పట్టీ ఎర్రబడింది. ఆ పట్టీ మేం మణికట్టుకు కట్టుకునేది. గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోందో, ఎంత చెమట పడుతోందో చూసి మా ఒత్తిడి కొలుస్తుంది. పచ్చగా ఉంటే ఫరవాలేదు. ఎర్రబడిందా, అందులోంచి వేణువు పాట మొదలవుతుంది. ఆ నర్సును అక్కడికక్కడే పని మాన్పించి చల్లగదికి పంపేస్తారు. ఇక ఆ పట్టీకి మందుల బీరువా తెరుచుకోదు. ఆమె రోగులు మిగతా వాళ్ల నెత్తిన పడతారు.

దీవెన అప్పుడు ఒక పసిదానికి నరం కోసం వెతుకుతోంది. "దొరికిందక్కా, ఒక్క నిమిషం ఆగమను" అని ఏడుపు గొంతుతో అంది. ఎవరిని ఆగమనాలి, గోడనా? దీవెన వెళ్లింది. ఆమె రోగులు మా ముగ్గురికీ వచ్చారు. ఆ బరువుకి సలోమి పట్టీ ఎర్రబడింది. ఆమె వాళ్లు మా ఇద్దరికీ వచ్చారు. ఎండదెబ్బ తగిలినవాళ్లకేమో తడిదుప్పట్లు, బాగున్న నర్సులకు చల్లగది, మల్లెపూల వాసన. ఈ తెలివితేటలకి దండం పెట్టాలి.

నా పట్టీ ఎప్పుడూ ఎర్రబడదు. ఎందుకని అందరూ అడుగుతారు. నేను నోటికొచ్చినట్టు తిడతాను, అందుకని.

గురువారం

దీవెన ఇవాళ చల్లగది నుంచి బయటికొచ్చి నా కాళ్ల దగ్గర కూర్చుంది. "అక్కా, ఆ గదిలో కూకుంటే ఇంకా భయమేస్తంది. ఇక్కడ మీరిద్దరే ఏం పడుతున్నారో అని. పాట వింటుంటే ఏడుపొస్తంది" అంది. చల్లగదిలో ఏడిస్తే ఇంకో గంట ఉంచుతారని కూడా చెప్పింది.

అప్పుడు నూకరత్నానికి ఆ ఆలోచన వచ్చింది. నూకరత్నం చేపలరేవు మనిషి. ఆవిడ మెదడు గాలిని బట్టి తెరచాప తిప్పినట్టు తిరుగుతుంది.

తొమ్మిదో మంచం మందుల బీరువాకి ఆనుకుని ఉంటుంది. దాని మీద దానయ్య అనే పెద్దాయన ఉన్నాడు. పక్షవాతం వచ్చి పన్నెండు రోజులుగా నిద్రలోనే ఉన్నాడు. గుండె మాత్రం గడియారంలా నడుస్తోంది. నూకరత్నం తన పట్టీ విప్పి ఆయన మణికట్టుకి చుట్టింది. మేం చూస్తుండగానే పసుపు రంగు కాస్తా ముదురు పచ్చయింది.

"సూసినారా? ఈ తాత కంటే నిమ్మళంగా ఉన్నోడు ఈ లోకంలో లేడు" అంది.

"తప్పు కదా రత్నం" అన్నాను.

"తప్పేటక్కా? ఆడు సెయ్యి అరువిచ్చినాడు, అంతే. బీరువా తియ్యాలంటే పక్కనే ఉన్నాది, పట్టీ తీసి సూపించి మళ్లీ కట్టీడమే. నువ్వు సెప్పు, మనం నలుగురం వార్డులో ఉంటే ఈ జనానికి మంచిదా, ఇద్దరం ఆ గదిలో పాటలింటే మంచిదా?"

దీవెన, సలోమి అప్పటికే తమ పట్టీలు విప్పి అందించారు. నాకు అక్కర్లేకపోయినా నా పట్టీ కూడా ఇచ్చాను. చేస్తే నలుగురం చేద్దాం, పడితే నలుగురం పడదాం అని.

దానయ్య దగ్గర ఉండేది ఆయన చెల్లెలు నీలమ్మ. మధ్యాహ్నం అంబలి తాగి వచ్చి చూసి, "ఏటమ్మా, మా అన్నకి గాజులేసినారు?" అంది.

"దిష్టి తగలకుండా" అంది నూకరత్నం.

తరువాత బుధవారం

చెప్పకపోవడమెందుకు, ఈ ఆరు రోజులూ హాయిగా గడిచాయి. పని తగ్గలేదు. కానీ నలుగురం నలుగురిగానే ఉన్నాం. దీవెన ఒక్క పోటుకే నరం పట్టేస్తోంది. పసిదానికి జ్వరం దిగింది.

ఇవాళ పొద్దున్న ప్రహర్ష గారు వచ్చారు. ఒత్తిడి నివారణ అధికారి. ఇస్త్రీ మడత నలగని మనిషి. వార్డు మధ్యలో నిలబడి మాకొక ప్రశంసాఫలకమూ, కేకూ ఇచ్చారు. ఆసుపత్రి మొత్తంలో అత్యంత ప్రశాంతమైన వార్డు మాదేనట. చప్పట్లు కొట్టించారు. కొట్టింది ఆయనా, నీలమ్మా.

"మీ నలుగురి గుండెలూ ఎంత సమంగా కొట్టుకుంటున్నాయో తెలుసా? అన్నదమ్ముల్లా!" అన్నారు. దీవెన నవ్వాపుకోలేక గోడవైపు తిరిగింది.

కేకు ముక్క నోట్లో పెట్టుకునేలోపే అసలు మాట చెప్పారు. ఇంత ప్రశాంతంగా ఉన్నారంటే మీకు పని తక్కువగా ఉందన్నమాట. ముప్ఫైమందికి నలుగురు నర్సులు అదనం. రేపట్నుంచి సలోమి గారు ఇంటి దగ్గరుండి పిలుపు కోసం ఎదురుచూడాలి.

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే. నేను ఊరుకోలేదు. "ముగ్గురం ముప్ఫైమందిని చూడలేం సార్. ఎవరో ఒకరు మా చేతుల మీద పోతారు" అన్నాను.

ఆయన జాలిగా నవ్వి తన చేతిలోని తెర నా వైపు తిప్పారు. నా పేరు కింద పచ్చటి గీత, చెరువు నీరులా కదలకుండా ఉంది. "గౌరీశ్వరి గారూ, మీ మాట నమ్మమంటారా, మీ గుండె మాట నమ్మమంటారా?"

అది నా గుండె కాదు నాయనా అనబోయాను. నాలుక కరుచుకున్నాను. అనుంటే నలుగురి ఉద్యోగాలూ పోయేవి, ముప్ఫైమందికి దిక్కెవరూ ఉండేవారు కాదు. ఒళ్లు మండిపోయింది. సలోమి తన చెప్పులు, టిఫిను డబ్బా తీసుకుని మధ్యాహ్నం పడవకే వెళ్లిపోయింది. కేకుకి చీమలు పట్టాయి.

గురువారం

ముగ్గురం కూర్చుని మాట్లాడుకున్నాం. కూర్చునీ కాదు, బకెట్లో దుప్పట్లు పిండుతూ.

పట్టీలు మళ్లీ మా చేతులకే కట్టుకుంటే గంటలో దీవెనకి ఎర్రబడుతుంది, ఆ వెనకే నూకరత్నానికి. చివరికి నేనొక్కదాన్ని, ముప్ఫైమంది. దానయ్యకే ఉంచితే పచ్చగా ఉందని ఇంకొకరిని పీకేస్తారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. మనిషిని ఇవ్వండి అంటే పాట ఇస్తారు. పడుకోడానికి టైమివ్వండి అంటే మల్లెపూల వాసన ఇస్తారు. ఒత్తిడి మా గుండెల్లో ఉందనుకుంటున్నారు ఈ పెద్దమనుషులు. మా గుండెల్లో ఏమీ లేదు, వరండాలో స్ట్రెచర్ల మీద ఉంది. అక్కడికెళ్లి కొలవండి!

"ఈ వారం గడవనీ అక్కా" అంది దీవెన. "పట్టీలు తాత చేతికే ఉంచుదాం. ఎండ కాస్త తగ్గితే చూద్దాం."

ఉంచాం.

శుక్రవారం

జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

పదకొండు గంటలప్పుడు నేను వార్డు ఆ చివర ఒక కూలీకి దుప్పటి మారుస్తున్నాను. వేణువు వినబడింది. ఒకటి కాదు, మూడు. ఒకదాని వెనక ఒకటి, తాళం కలవకుండా. తొమ్మిదో మంచం నుంచి.

ముగ్గురం తలలెత్తి ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ముగ్గురికీ ఒక్కసారే అర్థమైంది.

"గౌరీశ్వరి గారూ, నూకరత్నం గారూ, దీవెన గారూ" అంటోంది నెమ్మది ఎంతో ప్రేమగా. "మీ గుండెలు చాలా వేగంగా కొట్టుకుంటున్నాయి. లోతుగా ఊపిరి పీల్చండి. మీకు ఇష్టమైన చోటు ఒకటి ఊహించుకోండి."

"అమ్మా! మా అన్న కళ్లు తేలేసినాడమ్మా!" అని నీలమ్మ కేక.

పరుగెత్తాం. దానయ్య ఒళ్లు చెమటతో తడిసిపోయింది, పెదవులు నల్లబడ్డాయి. మెడ దగ్గర వేలు పెడితే నాడి లెక్కకు అందడం లేదు. ఆయనకీ రోగిపట్టీ ఉంది, అదీ ఎర్రబడింది. ఆ కబురు మాకు రావాలి. కానీ మేం ముగ్గురం ఒత్తిడితో పడిపోయామని నెమ్మది అప్పటికే మమ్మల్ని డ్యూటీ నుంచి తప్పించేసింది. కబురు ఎవరికి పంపాలో తెలియక తన దగ్గరే పెట్టుకుంది.

దీవెన పక్క వార్డులో ఉన్న డాక్టరు కోసం పరుగెత్తింది. నేను ఒక పట్టీ ఊడబెరికి బీరువాకి చూపించాను. తెరుచుకోలేదు.

"ప్రస్తుతం ఈ వార్డులో మందులు తీయగల స్థితిలో ఎవరూ లేరు. దయచేసి చల్లగదికి రండి."

"మనిషి చచ్చిపోతున్నాడే! తలుపు తియ్యవే!" అని అరిచాను.

"మీ కోపాన్ని నేను గుర్తిస్తున్నాను" అంది నెమ్మది.

నూకరత్నం సెలైన్ స్టాండు రెండు చేతులా ఎత్తి బీరువా అద్దం మీద కొట్టింది. మొదటి దెబ్బకి బీటేసింది. రెండో దెబ్బకి రాలింది. గాజుపెంకుల్లోంచే మందు తీసి నాకిచ్చింది. ఆవిడ మోచేతి దాకా నెత్తురు. అప్పటికి డాక్టరు వచ్చాడు, ఎంత ఎక్కించాలో చెప్పాడు, ఎక్కించాను. వేణువులు మోగుతూనే ఉన్నాయి. నీలమ్మ అన్న పాదాలు పట్టుకుని వాళ్ల అమ్మవారిని పిలుస్తోంది.

చాలాసేపటికి నాడి నా వేలి కింద నిదానించింది. పట్టీలు ఎరుపు నుంచి పసుపుకి వచ్చాయి. "అభినందనలు" అంది నెమ్మది. "మీరు ముగ్గురూ ఒత్తిడిని చక్కగా అధిగమించారు."

నేను నేల మీద కూలబడ్డాను. ఏడ్చాను. భయంతో కాదు, కోపంతో. సిగ్గుతో కూడా. ఆ మనిషి చేతికి మా బరువు కట్టింది మేమే.

శనివారం

విచారణ జరిగింది. ప్రహర్ష గారి గది. మేం ముగ్గురం నిలబడ్డాం, ఆయన కూర్చున్నారు. నూకరత్నం చేతికి మోచేతి వరకు కట్టు.

ఉన్నదున్నట్టు చెప్పాను. పట్టీలు దానయ్యకి కట్టడం తప్పే, ఆ తప్పు ముగ్గురిదీ అన్నాను. ఎందుకు కట్టామో కూడా చెప్పాను.

"ముందే ఎందుకు చెప్పలేదు?" అన్నారాయన.

"రోజూ రాస్తూనే ఉన్నాను సార్, మీరు రాయమన్న చోటే."

"అది మీ వ్యక్తిగతం. మేం చదవం. చదివితే మీకు ఒత్తిడి కలుగుతుంది."

ఇలాంటి మనిషిని ఏమని తిట్టాలో నాకే తోచలేదు. నాకు తోచకపోవడం ఇదే మొదటిసారి.

తీర్పు ఆయన ముందే రాసిపెట్టుకున్నారు. బీరువా పగలగొట్టినందుకు నూకరత్నం సోమవారం నుంచి ఉద్యోగంలో ఉండదు. నాకూ దీవెనకీ కొత్త పట్టీలు వస్తాయి, డ్యూటీ అయ్యేదాకా విప్పడానికి వీల్లేనివి, నెమ్మది తప్ప ఎవరూ తీయలేనివి. వార్డుకి ఇకమీదట ఇద్దరం.

"ఇద్దరమా!" అన్నాను.

"నిజమైన అంకెలు వచ్చాక ఆలోచిద్దాం" అన్నారు.

నూకరత్నం అప్పటిదాకా తలొంచుకునే ఉంది. అప్పుడు తలెత్తి, "బాబూ, నన్ను తీసీండి. పరవాలేదు. రేవులో సేపలెండేసుకుని బతుకుతాను. గానీ ఈ ఇద్దరు ఆడపిల్లలు ముప్పైమందిని ఎలగ సూత్తారో అది సెప్పండి ముందు" అంది.

ఆయన నీళ్లగ్లాసు అందుకున్నారు. "మీరు చాలా ఉద్వేగంలో ఉన్నారు" అన్నారు.

ఆవిడ ముఖం చూశాక నేనొకటి నిశ్చయించుకున్నాను. గుమ్మం దాటగానే ఇద్దరికీ చెప్పాను.

సోమవారం

పొద్దున్నే ముగ్గురం వార్డుకి వచ్చాం. నూకరత్నం కూడా. పాత పట్టీలు, పెట్టెలో వచ్చిన కొత్త పట్టీలు అన్నీ తీసుకెళ్లి ప్రహర్ష గారి బల్ల మీద పోశాను. "మేం కట్టుకోం" అన్నాను.

"పట్టీ లేకపోతే మీరు డ్యూటీలో లేనట్టే. మీరసలు ఇక్కడ లేనట్టే!"

"లేనట్టే అనుకోండి" అని వచ్చేశాను. ఇందులో తెలివేమీ లేదు, వట్టి కోపం. ఆ గొంతు నా నాడి పట్టుకోవడం ఇక భరించలేను, అంతే. పని మాత్రం ఆపలేదు. బీరువాకి అద్దం లేదు కాబట్టి తాళం అడిగే పని కూడా లేదు. దుప్పట్లు తడిపాం, సెలైన్లు మార్చాం. దానయ్యని పక్కకి తిప్పి వీపు తుడిచాను. ఆయన చేతికి ఆయన పట్టీ ఒక్కటే ఉంది.

గంట గడిచిందో లేదో నెమ్మది గొంతు మారింది. ప్రేమ లేదు, పాట లేదు. అన్ని వార్డుల్లోనూ ఒకేసారి వినబడింది. "మూడో వార్డులో నర్సులు లేరు. ముప్ఫైమంది రోగులు. నర్సు లేకుండా రోగిని ఉంచరాదు. నిబంధన ప్రకారం నలుగురికి ఒకరు. ఎనిమిదిమందిని పిలుస్తున్నాను."

దీవెన చేతిలో బకెట్ జారింది. "అక్కా, నలుగురికి ఒకరా?"

నిబంధన ఉందట! ఎప్పట్నుంచో ఉందట. నర్సులుంటే దానికి ఆ నిబంధన గుర్తుకు రాదు. పట్టీల రంగు చూసుకుంటుంది, పచ్చగా ఉన్నవాళ్ల మీద మోపుతుంది. ఎర్రబడినా సరే, చేతికి పట్టీ ఉంటే నర్సు ఉన్నట్టే దాని లెక్క. ఒక్క నర్సూ లేదని తేలితేనే పుస్తకం తీస్తుంది.

మధ్యాహ్నం పడవలో ఎనిమిదిమంది దిగారు. చీరలు నలగని, మెళ్లో పెన్ను తగిలించుకున్న అమ్మాయిలు. ఎక్కణ్నుంచి తల్లీ అని ఒకామెను అడిగాను.

"ఇంటికాడ నుంచే అప్పా. ఏడాదయిందప్పా, పిలుపు కోసం సూసి సూసి కళ్లు కాయలు కాసినాయి. నర్సులకి పని లేదు, అందరూ ప్రశాంతంగా ఉన్నారని సెప్పినారు మాకు."

ఏడాది పాటు వీళ్లు ఇంట్లో పని లేక కూర్చున్నారు, మేం ఇక్కడ పని ఎక్కువై చచ్చాం. మధ్యలో వేణువు పాట.

ప్రహర్ష గారు పరుగున వచ్చారు. ఆయన చొక్కా నలగడం ఇవాళే చూశాను. వెంటనే పిలుపు రద్దు చేయమన్నారు. నర్సు లేని వార్డుకు పిలుపు రద్దు చేయడం కుదరదంది నెమ్మది. "వీళ్లు ముగ్గురూ ఇక్కడే ఉన్నారు కదా!" అని మమ్మల్ని చూపించి అరిచారు. "మూడో వార్డులో అలాంటివారెవరూ నమోదు కాలేదు" అంది. అయితే కనీసం నూకరత్నాన్ని ఉద్యోగం నుంచి తొలగించమన్నారు. లెక్కలో లేని మనిషిని ఉద్యోగం నుంచి తొలగించడం సాధ్యం కాదంది. నూకరత్నం అక్కడే నిలబడి కట్టు కట్టిన చేత్తో ఒక కూలీకి జావ తాగిస్తోంది.

"మీ గుండె సాలా ఏగంగా కొట్టుకుంతంది బాబూ" అంది ఆయనతో. "కాసేపు కూకోండి."

ఈ కబురు గంటలోపే మిగతా వార్డులకి పాకింది. మొదట పిల్లల వార్డు వాళ్లు వచ్చి పట్టీలు ఆయన బల్ల మీద పెట్టి వెళ్లారు. తరువాత కాన్పుల వార్డు. సాయంత్రానికి ఆ బల్ల మీద చోటు లేదు, కుర్చీలో కూడా పోశారు. నెమ్మది లెక్కలో ఇప్పుడు ఈ ఆసుపత్రి మొత్తంలో పాత నర్సు అనేది ఒక్కతీ లేదు.

ఉన్నాం బాబోయ్, చచ్చిపోతున్నాం, ఒక్క మనిషిని ఇవ్వండని ఇన్నాళ్లూ మొత్తుకుంటే పలికిన పాపాన పోలేదు. లేమని తేలాక పడవల నిండా పంపిస్తున్నారు. రేవులో మూడో పడవ ఆగింది, దిగేవాళ్లకి వార్డులు చూపించాలి. వెళ్తున్నాను.